“మీది ఏ మిషను?”
హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంత సంఘముల చరిత్రలో ఒక ప్రశ్న



మన ప్రాంతములో ఇద్దరు క్రైస్తవులు రైలులోనో, ఆసుపత్రి వరండాలోనో, పెండ్లి పందిరిలోనో క్రొత్తగా కలిసికొంటే ఊరి పేరు, ఇంటి పేరు అయిన వెంటనే వచ్చే మూడవ ప్రశ్న ఒకటున్నది. “మీది ఏ మిషను?” అని. మిషనెరీ దొరలు, దొరసానులు వెళ్ళిపోయి చాలా కాలమైనది. ఆ మిషనుల పేర్లే మారిపోయినవి. ప్రశ్న మాత్రము పోలేదు. జవాబును బట్టి ఎదుటివారి ముఖము కొంచెము విప్పారుతుంది, లేదా కొంచెము ముడుచుకొంటుంది. మీరందరూ ఎరిగినదే.

ఈ సంచికలో సంఘ చరిత్ర వ్రాయమన్నప్పుడు పాస్టర్ల జాబితా, ఆలయ నిర్మాణముల జాబితా వ్రాయుటకు నాకంటే తగినవారు ఉన్నారు గనుక, నేను ఈ ప్రశ్ననే పట్టుకొనదలచినాను. ఎందుకనగా మన వైపునకు సువార్త తెచ్చిన రెండు మిషనులూ “మేము ఏ డినామినేషనునూ తీసికొని రావడము లేదు, క్రీస్తును మాత్రమే తెస్తున్నాము” అని ప్రతిజ్ఞ చేసి బయలుదేరినవే. అట్టి వారి బిడ్డలమైన మనము ఒకరినొకరు మిషను అడుగుకొనే స్థితికి ఎట్లు వచ్చితిమి?

మొదటిది లండన్ మిషనెరీ సొసైటీ. మన పెద్దలు లండన్ మిషను అనేవారు. రెండవది సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషను. దీనిని ఈ వ్యాసములో సౌకర్యము కొరకు జనరల్ మిషను అని వ్రాస్తాను. ఉత్తరమున బళ్ళారి, గుత్తి, అనంతపురము నుండి లండన్ మిషను ప్రభావము దిగివచ్చినది. దక్షిణమున హిందూపురము, పెనుకొండ వైపు జనరల్ మిషను వారు పనిచేసినారు. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడూ ఒకే రైలు మార్గము మీది స్టేషన్లు. ఒక స్టేషనులో ఎక్కి మరొక స్టేషనులో దిగేసరికి మిషను మారేది.

లండన్ మిషను సంగతి అర్థము కావలెనంటే ఇంగ్లండులోని కాంగ్రిగేషనల్ వారి గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ సొసైటీ అన్ని శాఖలవారూ కలిసి స్థాపించినదే అయినా, కాలక్రమమున దానిని ఎక్కువగా పోషించినదీ, మనుష్యులను పంపినదీ వారే. వారి విశ్వాసము చాలా సులువైనది, చాలా కష్టమైనది కూడా. ఒక ఊరిలో ప్రభువును ఒప్పుకొన్న విశ్వాసులు కూడి, ఒకరితో ఒకరు నిబంధన చేసికొంటే అదే సంపూర్ణమైన సంఘము. దానికి శిరస్సు క్రీస్తు. ఆయనకూ ఆ సంఘమునకూ నడుమ రాజు గాని, బిషప్పు గాని, పై సభ గాని అవసరము లేదు. కాపరిని ఆ సంఘమే పిలుచుకొంటుంది. సభ్యులను ఆ సంఘమే చేర్చుకొంటుంది, తప్పు చేస్తే ఆ సంఘమే సరిచేస్తుంది. ఇదంతా సంఘ కూటములో, ప్రార్థనతో, అందరి ఎదుట జరగవలెను.

ఇది వినుటకు మెత్తగా ఉన్నది గాని దీనికొరకు ప్రాణములు పోయినవి. రాణి ఎలిజబెత్ కాలములో, 1593 ఏప్రిల్‌లో హెన్రీ బారో, జాన్ గ్రీన్‌వుడ్ అనే ఇద్దరిని లండనులో ఉరి తీసినారు. మరుసటి నెల జాన్ పెన్రీ అనే యౌవనస్థుని ఉరి తీసినారు. 1662లో ఏకరూపతా చట్టము వచ్చినప్పుడు బిషప్పుల ఏర్పాటుకూ, ప్రార్థన పుస్తకమునకూ పూర్తిగా లోబడలేక దాదాపు రెండు వేలమంది సేవకులు తమ గుడులనూ ఇండ్లనూ జీతములనూ కోల్పోయినారు. వీరందరూ కాంగ్రిగేషనల్ వారే అనడము లేదు, ప్రెస్బిటేరియన్లు ఎక్కువమంది ఉన్నారు. అయినా ఆ జ్ఞాపకము కాంగ్రిగేషనల్ గృహములలో తరతరములుగా నిలిచినది. బిషప్పు అనగానే వారికి మొదట గుర్తుకు వచ్చేది దీవించే చేయి కాదు, జైలు తలుపు. ఈ సంగతి మనసులో ఉంచుకొనండి. 1947వ సంవత్సరము వచ్చినప్పుడు దీని బరువు తెలుస్తుంది.

లండన్ మిషనెరీ సొసైటీ 1795లో పుట్టినది. మరుసటి సంవత్సరమే వారు ఒక మూలసూత్రము ఏర్పరచుకొన్నారు. దాని సారాంశమేమనగా, ప్రెస్బిటేరియన్ పద్ధతిని గాని, స్వతంత్ర సంఘ పద్ధతిని గాని, బిషప్పుల పద్ధతిని గాని అన్యదేశములకు పంపడము మన పని కాదు, సువార్తను మాత్రమే పంపవలెను. ఆ దేశములో దేవుడు పిలిచినవారు వాక్యమునకు ఏది తగినదని తోస్తే ఆ సంఘ పరిపాలనను తామే ఏర్పరచుకొందురు. ఆ రోజులలో ఇంత విశాలమైన మాట ఇంకొకరు అన్నట్లు నాకు తెలియదు. స్వంత పద్ధతి కొరకు ఉరికంబమెక్కిన వారి సంతానము, ఆ పద్ధతిని ఇతరుల మీద మోపమని వ్రాసి సంతకము చేయడము చిన్న విషయము కాదు.

ఆ సొసైటీవారు తెలుగువారి మధ్యకు మొదట వచ్చినది 1805లో, విశాఖపట్టణమునకు. జార్జి క్రాన్, ఆగస్టస్ డేగ్రాంజస్ అనే ఇద్దరు. తెలుగులో లేఖన అనువాదము అక్కడ మొదలుపెట్టినారు. వారి తరువాత ఎడ్వర్డ్ ప్రిచ్చెట్ తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయినది. మన సీమకు వచ్చినది మాత్రము వేరొక దారిన. నైజాము 1800లో ఈ జిల్లాలను కంపెనీవారికి ఇచ్చివేసినాడు గనుక వీటికి దత్త మండలములని పేరు. రాయలసీమ అనే గౌరవమైన పేరు 1928లో నంద్యాల సభలో గాని రాలేదు. ఆ మండలములకు బళ్ళారి ముఖ్య స్థానము. 1810లో జాన్ హ్యాండ్స్ అనే మిషనెరీ బళ్ళారిలో దిగినారు. ఆయన కన్నడ బైబిలు అనువాదములో తన ఆయుష్షు ధారపోసినవారు. 1822లో కడపలో పని మొదలైనది. బళ్ళారి నుండి గుత్తికి, అనంతపురమునకు పని విస్తరించినది. 1882 వరకు అనంతపురము వేరే జిల్లా కూడా కాదు. మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అన్నీ బళ్ళారి జిల్లాలోని తాలూకాలే. హిందూపురమువారికి కన్నడము, తెలుగు రెండూ ఇంటి భాషలే. కన్నడ బైబిలు పుట్టిన ఊరే మన సీమ సంఘములకూ పుట్టినిల్లు కావడములో ఆశ్చర్యము లేదు.

ఇప్పుడు కొంచెము కటువైన మాట వ్రాయవలసియున్నది. ఆ మూలసూత్రము, ఆ సంఘ కూటము, ఆ స్వతంత్రము మన పల్లెలలో ఎంతవరకు అమలు జరిగినవి? నిజము చెప్పవలెనంటే చాలా కొంచెము.

పల్లె సంఘమును తలచుకొనండి. ఊరికి ఎడముగా ఉన్న పేట. మట్టి గోడల పాఠశాల, వారములో ఆరు రోజులు బడి, ఆదివారము అదే ప్రార్థనాలయము. పంతులుగారే ఉపదేశి. ఆయన జీతము మిషను ఇస్తుంది. సంఘమునకు ఏదైనా కష్టము వస్తే, అంటే రెడ్డిగారితో తగాదా వచ్చినా, బావి నీళ్ళు ఆపినా, పిల్లవానికి బోర్డింగు సీటు కావలసివచ్చినా, బంగళాకు పోయి దొరగారికి విన్నవించుకొనవలెను. పంతులుగారిని వేరే ఊరికి మార్చేది దొరగారు. క్రమశిక్షణ కింద ఒకరిని బల్లకు దూరము పెట్టేది, మరల చేర్చేది దొరగారి మాట మీదనే. పేరుకు కాంగ్రిగేషనల్ సంఘము. ఆచరణలో ఆ మిషనెరీ తన జిల్లాకు బిషప్పు, జమీందారు, కలెక్టరు కలిసినంతటి వాడు. ఇంగ్లండులో తన సంఘము తన్ను ఓటుతో పిలుచుకొంటే గాని పులిపీఠమెక్కని మనిషి, ఇక్కడ నలభై పల్లెలకు కాపరులను తానే నియమించేవాడు. వారిలో చాలామంది దయగలవారు, మన కొరకు కుటుంబములను పాతిపెట్టుకొన్నవారు. అందులో సందేహము లేదు. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి, చిక్కబళ్ళాపురములోని మిషను ఆసుపత్రి ఎంతమంది మన తల్లులను బ్రదికించినవో లెక్క లేదు. కాని దయగల తండ్రి ఇంట్లోనూ పిల్లలు పెద్దవారు కావడము ఆలస్యమవుతుంది.

అయితే మన తాతలు ఏమీ నేర్చుకొనలేదా అంటే, నేర్చుకొన్నారు. అక్షరము నేర్చుకొన్నారు. పంచాయతీలో నోరు విప్పే అధికారము లేని మనిషి, ఆదివారము అందరి ఎదుట నిలిచి స్వంత మాటలతో ప్రార్థన చేయడము నేర్చుకొన్నాడు. ఇది చిన్నది కాదు. పిడికెడు బియ్యమో, పిడికెడు రాగులో ప్రతి పూటా వేరుగా తీసిపెట్టి కానుకగా తెచ్చిన తల్లులు, ఆ ధాన్యము ఏమైనదని అడుగుట కూడా నేర్చుకొన్నారు. దేశములో అతి తక్కువ వాన పడే జిల్లాలలో మనదొకటి. ఇక్కడ కోతకాల పండుగ ఆచరించుటకే విశ్వాసము కావలెను. వేరుశనగ ఎండిపోయిన సంవత్సరము కూడా పండుగ మానని సంఘములు ఇక్కడ ఉన్నవి.

సంఖ్యల విషయములో గర్వించుటకు మనకేమీ లేదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా క్షామము దత్త మండలములను నలిపివేసినది. ఆ క్షామము చివర, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతములో బాప్టిస్టు మిషనువారు ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చినారు. అట్టి సంఖ్యలు మన దక్షిణ తాలూకాలలో ఎన్నడూ లేవు. ఇక్కడ ఇల్లు ఇల్లుగా, మనిషి మనిషిగా సంఘము పెరిగినది. అందువలననే కాబోలు మనకు మిషను పేరు మీద అంత పట్టుదల. కొద్దిమంది ఉన్నచోట ఎవరు ఎవరివారో తెలిసియుండవలె గదా!

ఇక రెండవ ధారకు వస్తాను. 1890ల మొదటి సంవత్సరములలో గుంతకల్లు నుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు వైపు రైలు వచ్చినది. సరిగా అదే కాలములో, 1893లో, బెంజమిన్ డేవిడ్సన్ అనే దైవజనుడు సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషనును స్థాపించినారు. ఇది “విశ్వాస మిషను”లని పిలువబడే తరగతికి చెందినది. వీరి వెనుక ఒక శాఖ గాని, పెద్ద సభ గాని, ఖజానా గాని లేదు. సేవకునికి నిర్ణీత జీతమని లేదు. డబ్బు కొరకు మనుష్యులను అర్థించరాదు. అవసరము దేవునికి చెప్పవలెను. ఆయన ఎవరి హృదయమును కదిలిస్తే వారు పంపిన దానితో బ్రదుకవలెను.

ఈ పద్ధతి మన తెలుగువారికి అంతకు ముందే ఒక మూల తెలుసు. బ్రిస్టలులో ఎవరినీ ఒక్క కాసు అడుగకుండ వేలాది అనాథలను పోషించిన జార్జి ముల్లర్ పేరు మీరు వినియుందురు. ఆయన భార్య సోదరుడు ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. ఆ గ్రోవ్స్‌గారు 1836లో వెంటబెట్టుకొని వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు కూలిపని తెలిసిన సామాన్యులు నరసాపురములో కాపురము పెట్టి గోదావరి డెల్టాలో బ్రదరెన్ సంఘములకు ఆరంభకులైనారు. తరువాత 1865లో హడ్సన్ టేలర్ చీనా దేశము కొరకు స్థాపించిన చైనా ఇన్లాండ్ మిషను ఈ పద్ధతిని లోకమంతటా ప్రసిద్ధి చేసినది. జనరల్ మిషను ఆ చెట్టు కొమ్మయే.

వారి విశ్వాసములు సువార్తిక క్రైస్తవులందరికీ తెలిసినవే. లేఖనముల పూర్తి అధికారము, త్రియేక దేవుడు, సిలువలో క్రీస్తు చేసిన ప్రాయశ్చిత్తము, ప్రతి మనిషికి నూతన జన్మ యొక్క అవసరము, ప్రభువు రెండవ రాకడ. వీటిలో లండన్ మిషను మొదటి తరము వారు కాదనేది ఒక్కటి లేదు. తేడా నొక్కి చెప్పడములో ఉన్నది. లండన్ మిషనువారి నోట బడి, ఆసుపత్రి, సంఘము అనే మాటలు ఎక్కువ. వీరి నోట రక్షణ, సాక్ష్యము, రాకడ అనే మాటలు ఎక్కువ. ఒకరి ఇంటిలో పిల్లవాడు ఏమి చదివినాడని అడిగేవారు, మరొకరి ఇంటిలో ఎప్పుడు రక్షింపబడినాడని అడిగేవారు. నేను కొంచెము అతిగా వ్రాసినానేమో గాని, రెండు ఇండ్లలోనూ పెరిగినవారికి నా మాట తెలుస్తుంది.

జనరల్ మిషను ద్వారా తెలుగుదేశమునకు వచ్చినవారిలో అందరికంటే పేరు పొందినవారు సైలస్ ఫాక్స్. కెనడా దేశస్థుడు. 1916లో భార్యతో కూడ వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. నేర్చుకొనడమంటే మామూలుగా కాదు. తెర వెనుక నుండి వింటే తెల్లవాడని చెప్పలేనంతగా మాట్లాడేవారని ప్రసిద్ధి. సంతలలో, తిరునాళ్ళలో, వీధి మొగలలో నిలువబడి సామెతలతో, పద్యములతో జనమును కట్టివేసేవారట. ఆయన కుమారుడు వ్రాసిన జీవితచరిత్రకు “ది వైట్ ఫాక్స్ ఆఫ్ ఆంధ్రా” అని పేరు. అట్టి ఫాక్స్‌గారే 1920లలో జనరల్ మిషనును విడిచి బ్రదరెన్ వారితో కలిసినారు. తప్పా ఒప్పా అనేది మన పని కాదు. ఏ డినామినేషనూ కాని మిషనులో ఉన్నవారికి సైతము, ఒక దినమున, బాప్తిస్మము ఎట్లు ఇవ్వవలెను, బల్ల ఎవరు విరువవలెను, పెద్దలను ఎవరు నియమించవలెను అనే ప్రశ్నలు ఎదురుపడక తప్పలేదు. వాటికి జవాబు చెప్పిన మరుక్షణమే ఒక డినామినేషను పుడుతుంది, ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా.

ఈలోగా లండన్ మిషను సంఘములు వేరొక దారిన నడచినవి. 1908లో దక్షిణ దేశపు కాంగ్రిగేషనల్ సంఘములూ ప్రెస్బిటేరియన్ సంఘములూ ఏకమై సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి ఏర్పడినది. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిముగ్గురు సేవకులు కూడి, క్రైస్తవులలోని విభజనలు మనము కల్పించుకొన్నవి కావు, మన మీద మోపబడినవి అని ప్రకటించినారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. ఆ ఇద్దరిలో ఒకరైన పోప్లీగారు లండన్ మిషను మనిషి. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ఆ సభకు ప్రాణమువంటివారు. ఇరువది ఎనిమిది సంవత్సరముల చర్చల తరువాత, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఉద్భవించినది. అజరయ్యగారు దానిని కన్నులార చూడలేదు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించినారు.

ఆ దినమున రాయలసీమలో జరిగినది ఎంత వింతయో చూడండి. బిషప్పులు వద్దని ప్రాణములిచ్చిన వంశములవారు స్థాపించిన సంఘములు బిషప్పును అంగీకరించినవి. బిషప్పులకు అలవాటు పడిన నంద్యాల ఆంగ్లికన్ సంఘములు మాత్రము అప్పుడు చేరక వెలుపల ఉండిపోయినవి. వారు మనతో కలియుటకు మరి చాలా సంవత్సరములు పట్టినది. లండన్ మిషను ఒడిలో పెరిగిన హోస్పేట సుమిత్రగారు మన బిషప్పు అయినారు. 1954లో దక్షిణ ఇండియా సంఘమంతటికీ మోడరేటరైనారు.

మన పెద్దలు ఓడిపోయినారా? అట్లు అనుకొనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా అభిప్రాయము వేరు. వారు అంగీకరించిన బిషప్పు 1593 నాటి బిషప్పు కాదు. రాజ్యాంగమునకు లోబడిన బిషప్పు. ఆయన ఎంపికలో డయోసిస్ కౌన్సిలుకు చెయ్యి ఉన్నది, ఆ కౌన్సిలులో గురువులతో పాటు మామూలు సంఘస్థులు కూర్చుండెదరు. పాస్టరేటు కమిటీ ఉన్నది. శిశు బాప్తిస్మము, ఎదిగి ఒప్పుకొన్నవారి బాప్తిస్మము రెండింటికీ చోటున్నది. పాత సంఘ కూటమే పాస్టరేటు కమిటీ వేషములో మిగిలియున్నది. కాని ఆ కమిటీ ఎన్నికలకు ఓటు లెక్కించే రోజున వచ్చే జనములో పదవ వంతు కూడా ఆ కమిటీ లెక్కలు చదివే రోజున రాకపోతే, ఆ తప్పు బిషప్పుల పద్ధతిది కాదు, కాంగ్రిగేషనల్ పద్ధతిదీ కాదు.

జనరల్ మిషను ఈ ఐక్యతలోనికి రాలేదు. ఎందుకు రాలేదని మా చిన్నతనములో పెద్దలు వాదులాడుకొనేవారు. వీరిది గర్వమని ఒకరు, వారిది రాజీ అని ఒకరు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు తోచేది ఇది. ఐక్యత చర్చలు సంఘమునకూ సంఘమునకూ నడుమ జరిగినవి. జనరల్ మిషను సంఘము కాదు, అనేక శాఖల నుండి వచ్చిన పనివారి గుంపు. బల్ల చుట్టు కూర్చుండుటకు వారికి కుర్చీయే లేదు. పేరు లేకుండ ఉండుట వారి బలము, పేరు అడిగినచోట అదే వారి ఇబ్బంది.

1968లో ఆ మిషను, మహారాష్ట్ర గ్రామములలో పనిచేసిన పూనా అండ్ ఇండియన్ విలేజ్ మిషనుతో కలిసి ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఫెలోషిప్ అయినది. 1989లో ఆ ఫెలోషిప్, ఆఫ్రికాలోని సూడాన్ దేశముల కొరకు కెనడావారు స్థాపించిన ఎస్.ఐ.ఎం. అనే మిషనులో కలిసిపోయినది. ఈ మూడు మిషనులూ పుట్టినది ఒకే సంవత్సరము, 1893. ఒకరినొకరు ఎరుగరు. తొంబది ఆరు సంవత్సరముల తరువాత ఒక్కటైనారు. లండన్ మిషను సంగతీ అంతే. 1966లో ఆ పాత పేరు పోయి కాంగ్రిగేషనల్ కౌన్సిల్ ఫర్ వరల్డ్ మిషను అయినది, 1977 నుండి కౌన్సిల్ ఫర్ వరల్డ్ మిషను. అనగా 1968 నాటికి లండన్ మిషను లేదు, సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషనూ లేదు. ఆ పేర్లు ఉన్నది మన నోళ్ళలో మాత్రమే.

పేరులో ఏమున్నది అనవచ్చును. చాలా ఉన్నది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టమును చూడండి. వివాహము జరిపించే అధికారము ఎవరికున్నదో 5వ సెక్షనులో వరుసగా చెప్పినారు. మొదట బిషప్పు చేత అభిషేకము పొందిన గురువు, తన సంఘ క్రమము చొప్పున. తరువాత స్కాట్లండ్ సంఘ సేవకుడు. తరువాత ప్రభుత్వము నుండి లైసెన్సు పొందిన సేవకుడు. తరువాత వివాహ రిజిస్ట్రారు. చివర, భారతీయ క్రైస్తవులకు వివాహ సర్టిఫికెట్టు ఇచ్చుటకు లైసెన్సు గలవాడు. బిషప్పు లేని పాత లండన్ మిషను పాస్టరు లైసెన్సు వరుసలో నిలువవలసినవాడు. 1947 తరువాత బిషప్పు చేతులుంచిన మన గురువు మొదటి వరుసలో నిలిచినాడు. స్వతంత్ర సంఘపు పాస్టరు ఈనాటికీ లైసెన్సు కొరకు దరఖాస్తు పెట్టవలెను, ఆ దరఖాస్తులో సంఘము పేరు వ్రాయవలెను. లైసెన్సు లేని చేతితో జరిగిన పెండ్లికి తరువాత ఎన్ని చిక్కులో, పాస్‌పోర్టు కొరకో, పెన్షను కొరకో తిరిగిన వితంతువులను అడిగితే చెప్పుదురు.

ఆస్తి మాట అట్లే. 1947లో రిజిస్టరైన సి.ఎస్.ఐ. ట్రస్టు అసోసియేషనులో మన ఆలయములు, స్మశానములు, బడుల స్థలములు చేరినవి. పేరు లేని సంఘమునకు పట్టా ఎవరి పేరున ఉండవలెను? ఒక పెద్ద పేరున ఉంటే ఆయన కుమారులు భక్తిపరులు కావలెను!

చట్టము కంటె లోతుగా కోసేది బాప్తిస్మపు ప్రశ్న. మా మేనత్త సంగతి వ్రాసి ముగిస్తాను. ఆమె లండన్ మిషను బిడ్డ. చంటిబిడ్డగా ఉన్నప్పుడు మా అవ్వ ఒడిలో బాప్తిస్మము పొందినది. పెండ్లి చేసి పంపినది, అదే రైలు మార్గము మీద రెండు మూడు స్టేషన్ల అవతల, ఒక స్వతంత్ర సంఘపు ఇంటికి. సంఘము పేరు ఇక్కడ అనవసరము. చిన్ననాటి బాప్తిస్మము చెల్లదనీ, నీటిలో మునిగితే గాని బల్లలో పాలు లేదనీ అక్కడివారు చెప్పినారు. పదునాలుగు సంవత్సరములు ఆమె ప్రతి ఆదివారము బల్ల సమయమున వెనుక వరుసలో తలవంచుకొని కూర్చున్నది. మా తాత ఉత్తరము వ్రాసినాడు, మన గురువుగారు ఉత్తరము వ్రాసినారు, జవాబు రాలేదు. చివరకు పిల్లలు పెద్దవారగుచుండగా ఊరి చెరువులో దిగినది. తిరిగి పుట్టింటికి వచ్చినప్పుడు మా అవ్వ ఒక్కటే అడిగినది. “అయితే నేను నిన్ను ఎత్తుకొని దేవునికి ఇచ్చింది అబద్ధమా తల్లీ?” మేనత్త ఏమీ అనలేదు. బావి దగ్గరకు పోయి బిందె తోముకొంటూ చాలాసేపు అక్కడే ఉన్నది. నేను చిన్నవాడిని, అరుగు మీద కూర్చొని చూస్తున్నాను.

లండన్ మిషనువారి 1796 మూలసూత్రము నేను చాలా ఏండ్ల తరువాత చదివినాను. చదివినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది మా అవ్వ ముఖమే.

మేనత్త ముసలితనములో ప్రభువునందు నిద్రించినది. ఆమె భర్త సంఘమువారి స్మశానములో సమాధి చేసినారు. మా పాస్టరుగారు కూడా రైలులో మాతో వచ్చినారు. ఇద్దరు పాస్టర్లు గోతి తలాపిన నిలబడి ముందు ప్రార్థన ఎవరు చేయవలెనో తేలక, మీరు చేయండి మీరు చేయండి అని మెల్లగా అనుకొంటున్నారు. అంతలో ఆడవాళ్ళు పాట ఎత్తుకొన్నారు. రెండు సంఘములలోనూ ఉన్నది అదే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము గనుక పేజీ వెదకవలసిన పని ఎవరికీ లేకపోయినది. పాట అయ్యేసరికి పొద్దు వాలినది. మేము రాత్రి బండికి తిరిగి వచ్చినాము.